ఆట జాబితాలో, మైదానం క్లబ్బులో

కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో క్రీడాకారుల నియామకానికి అర్హమైన ఆటల జాబితా ఒకటి ఉంది. సిబ్బంది, శిక్షణ వ్యవహారాల శాఖ 2013లో దానిని క్రోడీకరించినప్పుడు అందులో 43 ఆటలు ఉండేవి. 2020లో మరో 20 చేర్చి 63 చేశారు. కబడ్డీ, ఖోఖో, బాల్ బ్యాడ్మింటన్ ఉన్న ఆ జాబితాలోనే గోల్ఫ్ ఉంది, పోలో ఉంది, గుర్రపు స్వారీ ఉంది. గ్రూప్-సి స్థాయిలో నేరుగా భర్తీ చేసే ఉద్యోగాలలో 5 శాతానికి మించకుండా ఈ ఆటలలో రాణించినవారికి ఇవ్వవచ్చు. దేశం తరఫునో, రాష్ట్రం తరఫునో ఆడినవారు అర్హులు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో తమ విశ్వవిద్యాలయం తరఫున ఆడినవారూ అర్హులే. కాగితం మీద ఈ నిబంధనకు కులం లేదు, లింగభేదం లేదు. పీలేరు పక్కనున్న ఆది ఆంధ్రవాడలో పుట్టిన అమ్మాయికీ, జూబ్లీహిల్స్‌లో పుట్టిన అబ్బాయికీ వర్తించేది ఒకే నిబంధన.

కాగితం దాటి మైదానంలోకి వస్తే సంగతి వేరు. తిరుపతిలో 1954లో వెలసిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. మహిళల కోసమే 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. 2015 తరువాత ఐఐటీ, ఐసర్ కూడా వచ్చాయి. ఒకే ప్రాంతంలో ఇన్ని ఉన్నత విద్యాసంస్థలు ఉన్న చోటు రాయలసీమలో మరొకటి లేదు. అయినా ఇక్కడి విద్యార్థికి గోల్ఫ్ నేర్పే ప్రాంగణం లేదు. నేర్చుకోవాలంటే బెంగళూరుకో, చెన్నైకో, హైదరాబాద్‌కో వెళ్లాలి. అక్కడ క్లబ్బు సభ్యుడి కొడుకో కూతురో అయి ఉండాలి, లేదా గంటల లెక్కన రుసుము కట్టగలగాలి. ఉద్యోగ నిబంధన చూపిన రెండు దారులలో విశ్వవిద్యాలయం దారి మన విద్యార్థికి ఆ విధంగా మూసుకుపోయింది. మిగిలింది రాష్ట్ర జట్టు దారి. ఆ దారి క్లబ్బు గేటు లోపల మొదలవుతుంది. కనుక జాబితాలోని గోల్ఫ్ అందరి పేరు మీద ఉండి, కొందరి పిల్లలకు మాత్రమే ఉద్యోగ అర్హత అయింది.

ఈ మాట అనగానే ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలుసు. అది ఆధిపత్య కులాల నుంచి మాత్రమే రాదు, మన వామపక్ష మిత్రుల నుంచీ, దళిత బహుజన ఉద్యమాలలోని పెద్దల నుంచీ వస్తుంది. హాస్టల్లో సాంబారు నీళ్లలా ఉందని ధర్నా చేసే పిల్లలకు గోల్ఫ్ ఎందుకు, స్కాలర్‌షిప్ బకాయిలు రాక హాల్ టికెట్ ఆగిపోయిన విద్యార్థికి గోల్ఫ్ ఎందుకు అని అడుగుతారు. ప్రశ్న నిజాయితీగలదే. కానీ అది ఎప్పుడూ ఒక వైపు వారినే అడుగుతారు. ఇంగ్లీషు మాధ్యమం ఎందుకు, పరిశోధన ఎందుకు, వేదం ఎందుకు అని అడిగిన గొంతులకూ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది. 1927లో మహద్‌లో అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగింది దాహం తీర్చుకోవడానికి కాదు. ప్రజాధనంతో నడిచే చెరువు, బాట, బావి ఎవరివో తేల్చడానికి. ప్రభుత్వం ఒక ఆటను ఉద్యోగార్హతగా గుర్తించిన రోజున ఆ ఆట కూడా అటువంటి చెరువే అవుతుంది. దానిలోకి దిగే మెట్లు ఎవరి పెరట్లో ఉన్నాయని అడగడం విలాసం కాదు.

ఆట స్వభావాన్ని చూద్దాం. కర్రతో చిన్న వస్తువును దూరంగా కొట్టడం, గురిచూసి గుంతలో పడేయడం మన పల్లెలకు కొత్త కాదు. బిళ్ళంగోడు ఆడని వాడ లేదు, మట్టిలో గుంత తీసి గోలీ దొర్లించని వీధి లేదు. చేతి ఒడుపు, కంటి కొలత, గాలివాటం అంచనా అన్నీ చింతచెట్టు కింద నేర్చుకున్నవే. లేనిదల్లా భూమి. పద్దెనిమిది గుంతల గోల్ఫ్ కోర్సుకు నూరు నుంచి నూట యాభై ఎకరాలు కావాలి. ఆ విస్తీర్ణమంతా పచ్చగా ఉండడానికి నీళ్లు కావాలి. ఒక ఆటగాడు 14 క్లబ్బుల వరకు వెంట ఉంచుకోవచ్చని నియమం. మంచి సెట్టు కొనాలంటే ఒక చిన్న రైతు ఏడాది రాబడి చాలదు. అంటే ఈ ఆటలో ప్రతిభకంటే ముందు నిలబడేది ఆస్తి. మన దేశంలో ఆస్తి ఎవరి చేతుల్లో ఉందో చెప్పడానికి కొత్త పరిశోధన అక్కరలేదు, గ్రామంలో ఒన్-బి నకలు చూస్తే చాలు.

చిత్తూరు మనిషికి భూమి గురించి వేరే చెప్పనక్కరలేదు. దరఖాస్తు పట్టాను మన వైపు డీకేటీ అంటారు. ఎకరమో ఎకరన్నరో, రాళ్లు రప్పల గుట్టవాలు, దానికొక కాగితం. ఈ భూములు చేతులు మారకుండా 1977లో చట్టం వచ్చింది. చేతులు మారుతూనే వచ్చాయి. పట్టా పొంది 20 ఏళ్లు దాటితే అమ్ముకునే హక్కు ఇస్తూ 2023లో ఆ చట్టాన్ని సవరించారు. అమ్ముకునే స్వేచ్ఛ వచ్చిందని సంతోషించినవారు ఉన్నారు, కొనేవాడు ఎవరో తెలిసి భయపడినవారూ ఉన్నారు. నేను రెండో వరుసలో ఉన్నాను. వెయ్యి అడుగులు తవ్వినా తడి తగలని బోర్ల మధ్య ఎకరం మెట్ట కోసం తరాలు కొట్లాడిన జిల్లాలో, నూరు ఎకరాల పచ్చిక ఒక ఆటకు కావాలన్న మాటే ఒక సామాజిక ప్రకటన.

రాష్ట్రం మాత్రం అటువంటి పచ్చికకు ఎన్నడూ వెనకాడలేదు. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ పక్కన మణికొండలో ఎమ్మార్ ప్రాజెక్టుకు కేటాయించిన 535 ఎకరాలలో 235 ఎకరాలు గోల్ఫ్ కోర్సు కోసమే, అదీ 66 ఏళ్ల లీజుకు. ఆ ప్రాజెక్టు వ్యవహారం మీద 2011లో సీబీఐ కేసు నమోదైంది. దేశమంతటా రక్షణ శాఖ భూములలో 97 గోల్ఫ్ కోర్సులు 8 వేల ఎకరాలకు పైగా ఆక్రమించి ఉన్నాయని కాగ్ తన నివేదికలో ఎత్తి చూపింది. ప్రభుత్వ భూమి గోల్ఫ్‌కు దొరకదని ఎవరైనా అంటే నమ్మకండి. దొరుకుతోంది. అందులోకి వెళ్లవలసిన విద్యార్థి ఎవరన్న ప్రశ్న దగ్గర మాత్రం భూమి కరువవుతుంది.

ఈ ఆటలోకి పేదవాడు అసలు రాలేదా అంటే వచ్చాడు. పనివాళ్లు వచ్చే దారిన వచ్చాడు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో సభ్యుల సంచులు మోసిన క్యాడీ. 1993లో మళ్లీ గెలిచాడు. 2016, 2017లలో వరుసగా అదే టోర్నీ గెలిచిన శివశంకర్ ప్రసాద్ చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో పచ్చిక చూసుకునే ఉద్యోగి. ఆ పిల్లవాడు ఆ మైదానం పక్కనే పెరిగాడు. (క్యాడీ అనే రాయాలి. కేడీ అని రాస్తే మన పోలీసు స్టేషన్ల రిజిస్టర్లలో వేరే అర్థం వస్తుంది. ఆ రిజిస్టర్లలోకి పుట్టుకతోనే ఎక్కించబడిన ఎరుకల, యానాది కుటుంబాల చరిత్ర వేరే వ్యాసానికి తగినది.) వీరిని చూపించి, ప్రతిభ ఉంటే ఎవరైనా ఎదగవచ్చని చెప్పడం మన పత్రికలకు అలవాటు. నాకు అక్కడ కనిపించేది మరొకటి. ఆట ఆడే హక్కు లేనివాడు, ఆ ఆటకు సేవ చేసే హక్కు మాత్రం పొంది, యజమాని లేని వేళ పాత క్లబ్బుతో దొంగచాటుగా నేర్చుకున్నాడు.

క్రికెట్‌లో దీనికి పూర్వరూపం ఉంది. పూనాలో తెల్లదొరల మైదానంలో పిచ్ చదును చేసే పనిలో ఉన్న పాల్వంకర్ బాలూ, దొరలకు నెట్స్‌లో బంతులు వేసి వేసి దేశంలోనే గొప్ప ఎడమచేతి స్పిన్నర్ అయ్యాడు. చర్మకార కులస్థుడు కావడం వల్ల సొంత హిందూ జట్టులోనే ఆయనకు టీ పెవిలియన్ బయట, మట్టి ముంతలో ఇచ్చేవారు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినవాడికి హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం దక్కలేదు. బాలూను తలచుకోకుండా భారతీయ క్రీడలో ప్రతిభ గురించి మాట్లాడేవారి మాట నేను సగమే వింటాను.

ఇక్కడొక విషయం గమనించాలి. వెనక గేటు కూడా మగవారికే ఉంది. క్యాడీలు దాదాపు అందరూ పురుషులు. సంచి మోసైనా, గడ్డి కోసైనా ఆట దగ్గర నిలబడే అవకాశం పేద ఇంటి అబ్బాయికి దొరికింది. అదే ఇంటి అమ్మాయికి అదీ దొరకలేదు. మన దేశపు మహిళా గోల్ఫ్‌లో అలీ షేర్ వంటి కథ వినిపించకపోవడానికి కారణం ఇదే. టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ పతకాన్ని వెంట్రుకవాసిలో పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచినప్పుడు దేశం తెల్లవారుజామున లేచి గోల్ఫ్ చూసింది. ఆమెకు క్యాడీగా సంచి మోసింది కన్నతల్లి. ఆ దృశ్యం నన్నూ కదిలించింది. కానీ ఒక ఇంట్లో ప్రేమతో మోసే సంచి, మరొక ఇంట్లో పొట్టకూటికి మోసే సంచి ఒకటి కావు. బెంగళూరులో ఐదారేళ్ల వయసులో కూతురిని మైదానానికి తీసుకెళ్లగలిగిన తల్లిదండ్రులు ఉండడం అదితి తప్పు కాదు. అటువంటి తల్లిదండ్రులు లేని అమ్మాయికి ఏ సంస్థ తల్లీతండ్రీ కావాలన్నదే అడగవలసింది.

2017 జూన్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో జరిగిందీ గుర్తు చేసుకోవాలి. అతిథిగా భోజనానికి వెళ్లిన ఒక ఖాసీ మహిళను, తన జాతి సంప్రదాయ వస్త్రమైన జైన్‌సెమ్ కట్టుకున్నందుకు, పనిమనిషిలా ఉందంటూ బల్ల మీద నుంచి లేచి వెళ్లమన్నారు. పిలిచినవారి పక్కన కూర్చున్నా, మనిషి రూపాన్ని బట్టి ఆమె స్థానం వంటింట్లో అని తేల్చేశారు. మన పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన హోటళ్లకు పేరు బోర్డులు ఉండేవి కావు. ఈ క్లబ్బుకు దేశ రాజధాని నడిబొడ్డున బోర్డు ఉంది.

అమెరికా గోల్ఫ్ చరిత్ర చదివితే మన ఊరి కథ చదివినట్టే ఉంటుంది. వృత్తి గోల్ఫర్ల సంఘం తన నియమావళిలో తెల్లవారికే సభ్యత్వమన్న నిబంధనను 1961 వరకు ఉంచింది. ఏటా మాస్టర్స్ టోర్నీ జరిగే అగస్టా నేషనల్ క్లబ్బులో 1975లో లీ ఎల్డర్ ఆడేవరకు ఆ పోటీలో నల్లజాతి ఆటగాడు లేడు. 1990 వరకు క్లబ్బులో నల్లజాతి సభ్యుడు లేడు. 2012 వరకు మహిళా సభ్యురాలు లేదు. అదే క్లబ్బులో క్యాడీలు మాత్రం దశాబ్దాల పాటు నల్లవారే. 1983 నుంచి ఆటగాళ్లు తమకు నచ్చిన క్యాడీని తెచ్చుకోవచ్చన్నారు. బహుమతి సొమ్ము పెరిగి క్యాడీ వాటా కూడా లాభసాటి కావడంతో ఆ పనిలోంచి నల్లవారు దాదాపు మాయమయ్యారు. తోలు పని మాదిగది, చెప్పుల షోరూమ్ మరొకరిది. ఈ పోలిక కోసం నేను వెతుక్కోవలసిన పని లేకపోయింది.

ఆ చరిత్రకు ఎదురుగా నిలిచిన ఒక విశ్వవిద్యాలయం ఉంది. బానిసత్వం రద్దయిన కొద్దికాలానికే, 1867లో వాషింగ్టన్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన హోవర్డ్ విశ్వవిద్యాలయం. అక్కడ గోల్ఫ్ జట్టు 1970లలో ఆగిపోయింది. 2019లో, ఆట మీద మక్కువ ఉన్న ఒక విద్యార్థి, ప్రాంగణానికి వచ్చిన బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు స్టెఫెన్ కర్రీని కలిసి తమ విశ్వవిద్యాలయంలో గోల్ఫ్ లేదని చెప్పాడు. అదే ఏడాది ఆగస్టులో పురుషుల జట్టు, మహిళల జట్టు రెండింటినీ ఒకేసారి ప్రారంభిస్తున్నట్టు హోవర్డ్ ప్రకటించింది. ఆరేళ్ల పాటు నిధులిస్తానని కర్రీ ముందుకొచ్చాడు. పురుషుల జట్టు మొదట పెట్టి, మహిళల సంగతి తరువాత చూద్దామనలేదు. ఇందులో దాత ఉదారతకంటే చట్టం పాత్ర ఎక్కువ.

ఆ చట్టం 1972 నాటి టైటిల్ నైన్. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా లింగ వివక్ష చూపరాదన్న ఒక్క వాక్యం నుంచి మహిళా క్రీడ మొత్తం పుట్టుకొచ్చింది. అమెరికా కళాశాలల పురుషుల గోల్ఫ్ పోటీలకు 1897 నుంచి చరిత్ర ఉంది. జాతీయ కళాశాలల క్రీడా సంఘం మహిళలకు గోల్ఫ్ పోటీ పెట్టింది 1982లో. మధ్యలో 85 ఏళ్లు. ఆ తరువాత కథ తిరగబడింది. 2025 వరకు అమలైన నియమం ప్రకారం మొదటి శ్రేణి విశ్వవిద్యాలయం పురుషుల గోల్ఫ్ జట్టుకు నాలుగున్నర స్కాలర్‌షిప్పులే ఇవ్వాలి. మహిళల జట్టుకు ఆరు ఇవ్వవచ్చు. ఎందుకంటే పురుషుల ఫుట్‌బాల్ ఒక్కటే 85 స్కాలర్‌షిప్పులు తీసుకునేది. సమానత్వాన్ని ఏ ఆటకా ఆట విడిగా కొలవకుండా సంస్థ మొత్తం మీద కొలిచారు కనుక, ఒకచోట మగవారికి పోయినదానిని మరోచోట ఆడవారికి సర్దక తప్పలేదు.

మన తెలుగువారు గర్వంగా చెప్పుకునే సాహిత్ తీగల ఈ వ్యవస్థలోంచి వచ్చినవాడే. కాలిఫోర్నియాలోని పెపర్‌డైన్ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడి, 2020లో కళాశాల గోల్ఫ్‌లోని మూడు ప్రధాన పురస్కారాలనూ అందుకున్నాడు. 2023లో పీజీఏ టూర్‌లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ వార్త ఇక్కడి చానళ్లు మనవాడు గెలిచాడని చూపించాయి. మనవాడు సరే. అతడిని తీర్చిదిద్దిన విశ్వవిద్యాలయ జట్టు, అటువంటిది, మనకు లేదన్న సంగతి ఆ సందడిలో ఎవరికీ పట్టలేదు.

అయితే టైటిల్ నైన్‌ను యథాతథంగా నెత్తిన పెట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను. గోల్ఫ్, రోయింగ్ వంటి ఖరీదైన ఆటలలో దాని ఫలం ఎక్కువగా తెల్లజాతి, సంపన్న కుటుంబాల అమ్మాయిలకే దక్కిందన్న విమర్శ అక్కడే బలంగా ఉంది. లింగం ఒక్కటే కొలిచి, జాతిని కొలవకపోతే అంతే జరుగుతుంది. ఇది మనకు పరాయి పాఠం కాదు. 2023లో 106వ రాజ్యాంగ సవరణతో చట్టసభలలో మహిళలకు మూడోవంతు స్థానాలు ఇచ్చినప్పుడు బీసీ మహిళలకు ఉపకోటా ఏదని అడిగినవారిని సందర్భం తెలియనివారిగా చూశారు. మహిళ అన్న ఒక్క మాటలో అందరినీ కలిపేస్తే ముందువరుసలో ఎవరు నిలబడతారో అడిగినవారికి తెలుసు, అడ్డుకున్నవారికి ఇంకా బాగా తెలుసు.

క్రీడా కోటా విషయంలో సరిగ్గా ఈ లెక్కే మన రాష్ట్రంలో తేలవలసి ఉంది. కొత్త క్రీడా విధానంలో భాగంగా ప్రభుత్వం ఉద్యోగాలలో ఈ కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. మంచిదే. కానీ సమాంతర రిజర్వేషన్‌ను రెండు రకాలుగా లెక్కించవచ్చని సుప్రీంకోర్టు 1995లో అనిల్ కుమార్ గుప్తా కేసులో విడమరిచి చెప్పింది. మొత్తంగా లెక్కిస్తే ఆ 3 శాతమూ ఏ ఒక్క వర్గం అభ్యర్థులతోనైనా నిండవచ్చు. విభాగాల వారీగా లెక్కిస్తే ఓపెన్, బీసీ, ఎస్సీ, ఎస్టీ వాటాలలో ప్రతిదానిలోనూ అంత మేరకు క్రీడాకారులు ఉండాలి. చూడడానికి ఇది గుమాస్తా పని. ఆచరణలో ఒక మాదిగ కబడ్డీ క్రీడాకారిణికి ఉద్యోగం వస్తుందా రాదా అన్నది ఈ గుమాస్తా పని మీదే ఆధారపడి ఉంటుంది.

అంతకు మించిన అన్యాయం ఆటల ఎంపికలో ఉంది. కబడ్డీలో జిల్లా జట్టుకు ఎంపిక కావాలంటే ప్రతి మండలం నుంచి వచ్చిన వందల మందితో తలపడాలి. స్కేటింగ్, ఫెన్సింగ్, షూటింగ్ వంటి ఆటలలో పోటీకి వచ్చేది ఎవరు? శిక్షకుడికి నెలనెలా ఫీజు కట్టి, కారులో దించి, తుపాకీయో చక్రాల బూట్లో కొనివ్వగల తల్లిదండ్రులున్న కొద్దిమంది. పోటీ పలచగా ఉన్నచోట పతకం దగ్గరగా ఉంటుంది. కోటా దృష్టిలో ఆ పతకమూ, కబడ్డీ పతకమూ సమానం. గోల్ఫ్ ఈ వాలుకు చివరి మెట్టు మాత్రమే. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు ప్రతిభను చంపేస్తున్నాయని వాదించేవారు, డబ్బుతో దగ్గర చేసుకున్న ఈ సర్టిఫికెట్ల గురించి పెదవి విప్పరు. ఇది కూడా రిజర్వేషనే. కాకపోతే దీనిని రాయడానికి రాజ్యాంగ సభ అవసరం కాలేదు.

మరి ఏం చేయాలి? ఖరీదైన ఆటలను జాబితా నుంచి కొట్టేయమనడం తేలిక. అది నా వాదన కాదు. గోల్ఫ్ 2016లో ఒలింపిక్స్‌లోకి తిరిగి వచ్చింది, ఇక ఉంటుంది. ఆటను వదులుకోమని అణగారిన వర్గాలకే చెప్పడం అన్యాయం. నేను కోరేది ఇది: ప్రభుత్వం ఏ ఆటను సీటుకో ఉద్యోగానికో అర్హతగా గుర్తిస్తుందో, ఆ ఆటను ప్రతి ప్రాంతంలో కనీసం ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పురుషులకూ మహిళలకూ ఉచితంగా నేర్పాలి. నేర్పలేని ఆటకు, నేర్పేంతవరకు, కోటాలో విలువ కట్టకూడదు. ఈ రెండో షరతు లేకపోతే మొదటిది ఎప్పటికీ జరగదు. తమ పిల్లల సర్టిఫికెట్ చెల్లదని తెలిసిన రోజున గోల్ఫ్‌ను విశ్వవిద్యాలయాలకు తెమ్మని క్లబ్బు సభ్యులే మంత్రుల చుట్టూ తిరుగుతారు.

తిరుపతికి పద్దెనిమిది గుంతల కోర్సు అవసరం లేదు. దాని కోసం ఒక్క డీకేటీ ఎకరం కూడా పోకూడదు, ఒక్క బోరు కూడా దిగకూడదు. శేషాచలం పాదాల దగ్గర వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి సుమారు వెయ్యి ఎకరాల ప్రాంగణం ఉంది. బంతిని దూరం కొట్టడం సాధన చేసే డ్రైవింగ్ రేంజ్‌కు, చిన్న పచ్చికకు కలిపి పదీ పదిహేను ఎకరాలు చాలు. హాస్టళ్ల వాడకపు నీటిని శుద్ధి చేసి తడపవచ్చు. క్లబ్బులు, బంతులు విశ్వవిద్యాలయం పేరు మీద ఉండాలి. గ్రంథాలయంలో పుస్తకం తీసుకున్నట్టు విద్యార్థి గుర్తింపు కార్డు మీద తీసుకోవాలి. జట్టు ఎంపికలో ఇదివరకు ఆడిన అనుభవాన్ని కొలమానం చేయరాదు, ఎందుకంటే ఆ అనుభవం ఎవరికి ఉంటుందో మొదటే తెలుసు. హోవర్డ్‌కు దాత కావలసి వచ్చింది. మనకు దాత కోసం చూడవలసిన అగత్యం లేదు, ఉండకూడదు కూడా. దాత ఇచ్చినది దాత మనసు మారితే పోతుంది. బడ్జెట్‌లో ఒక పద్దుగా రాసినది పోతే అడగడానికి మనకు హక్కు ఉంటుంది.

ఇది గోల్ఫ్‌తో ఆగే సంగతి కాదని చదువరికి ఈపాటికి అర్థమై ఉంటుంది. ఎర్రావారిపాళెం మండలంలోని పల్లె నుంచి వచ్చి భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్ అయిన రజని మన జిల్లా బిడ్డ. ఆమె తరువాత ఆ తోవలో ఎందరు నడిచారు? ఒక రజని పుట్టడం ఆమె పట్టుదల. రెండో రజని రాకపోవడం మన సంస్థల బాధ్యత. పక్కనున్న అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు దళిత, పేద పిల్లలకు హాకీ, జూడో, టెన్నిస్ కూడా నేర్పగలిగింది. టెన్నిస్ కూడా ఒకప్పుడు కలెక్టర్ బంగళా ఆటే. 2014లో సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వెళ్లిన పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పర్వతారోహణకు అయ్యే ఖర్చు గోల్ఫ్‌కంటే తక్కువ కాదు. ఆ పిల్లలు తండ్రుల ఆస్తి మీద ఎక్కలేదు, ప్రభుత్వ గురుకులం మీద ఎక్కారు. ఆడపిల్ల, మగపిల్లవాడు కలిసి ఎక్కారు.

అమ్మాయిల విషయంలో ఇంకొక్క మాట. మన ప్రాంతంలో ఏ డిగ్రీ కళాశాల హాస్టల్‌కు వెళ్లినా అమ్మాయిల గేటు సాయంత్రం ఆరున్నరకో ఏడుకో పడుతుంది. తరగతులు నాలుగున్నరకు అయిపోతాయి. చిత్తూరు ఎండలో నాలుగున్నరకు మైదానంలో దిగేవారు లేరు. అబ్బాయిలు ఐదున్నరకు దిగి చీకటి పడేదాకా ఆడతారు. అమ్మాయికి మిగిలేది గంట. ఆ గంటలో బట్టలు మార్చుకునే గది ఉండదు, మైదానంలో దీపాలు ఉండవు, మహిళా వ్యాయామ అధ్యాపకురాలి పోస్టు ఖాళీగా ఉంటుంది. వాడ నుంచి బస్సులో వచ్చిపోయే అమ్మాయికి ఆ గంట కూడా లేదు, ఆఖరి పల్లెవెలుగు బస్సు అందుకోవాలి. భద్రత పేరుతో అమ్మాయిని లోపల పెట్టి తాళం వేసిన సంస్థ, ఆటలలో అమ్మాయిలకు ఆసక్తి లేదని నివేదిక రాస్తుంది.

అందుకే వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాలకు ముందే తిరుపతి, చిత్తూరు జిల్లాలలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు మూడు వివరాలను తమ నోటీసు బోర్డు మీద పెట్టాలని విద్యార్థి సంఘాలు అడగాలి. గత ఐదేళ్లలో క్రీడా కోటాలో సీటు పొందినవారు ఏ ఆట నుంచి, ఏ సామాజిక వర్గం నుంచి వచ్చారు, అందులో అమ్మాయిలు ఎందరు? కోటాకు గుర్తింపు ఉన్న ఆటలలో ఎన్నింటికి ప్రాంగణంలో మైదానమూ శిక్షకుడూ ఉన్నారు, ఎన్నింటికి లేరు? వ్యాయామ విద్య పోస్టులలో ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ఎప్పటి నుంచి? అడగడానికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుము చాలు, తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ అక్కరలేదు. జవాబుకు గడువు 30 రోజులు.